పల్లెలో ఉన్న మాజీ సైనికుడి తీరని నొప్పి: ఫోనులో నర్సు ఏం చేయగలదు, ఏం చేయలేదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీ నాన్నగారు రిటైర్డ్ హవల్దార్, వయసు 62, ఊరు కవిటి దగ్గర. సర్వీసులో ఉండగా బండి బోల్తా పడి నడుముకు దెబ్బ తగిలింది. అప్పటి నుంచి నడుం నొప్పి, ఎడమ కాలు పీకుడు. ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) పాలిక్లినిక్‌కి పోయి రావాలంటే రోజంతా పడుతుంది, ఆ బస్సు కుదుపులకే నొప్పి రెట్టింపవుతుంది. అందుకని వెళ్ళడం మానేసి ఊళ్ళోనే ఇంజక్షన్లు చేయించుకుంటున్నారు. మీరేమో హైదరాబాదులో ఉన్నారు. అమెరికాలో మాజీ సైనికుల నొప్పిని నర్సులే ఫోను మీద చూసుకుంటారని చదివారు. అది ఇక్కడ కుదురుతుందా, ఫోనులో నర్సు అసలు ఏం చేస్తుంది, నడుం బెల్టు, కరెంటు మిషను కొనమంటారా అని అడిగారు.

కుదురుతుంది. నొప్పి దేనివల్లో డాక్టరు ఒకసారి ఎదురుగా కూర్చోబెట్టి చూసి తేల్చాక, ఆపైన నెలల తరబడి సాగే పనిలో చాలా భాగం నర్సు ఫోను మీద చేయగలదు. మందు రాయలేదు. కొత్త జబ్బును కనిపెట్టలేదు. ఆ రెండూ డాక్టరు పనులు. మీరు రాసిందాన్ని బట్టి మీ నాన్నగారికి మందు చీటీలకు కొదవ లేదు. వాడిన మందు ఏం చేసింది, ఈ వారం ఎంత దూరం నడిచారు, రాత్రి ఎన్ని గంటలకు లేచి కూర్చున్నారు అని అడిగే మనిషి లేరు. అదీ నొప్పి ముదిరినప్పుడు కాకుండా, ముందే అనుకున్న రోజున, అనుకున్న వేళకు అడిగే మనిషి.

నా సంగతి ఒక్క మాట. మిలిటరీ నర్సింగ్ సర్వీసులో చేసి బయటికొచ్చాను. ఇప్పుడు ఉత్తర కోస్తాలో మాజీ సైనికులకు ఫోను మీద ఫాలోఅప్ చేసే ఒక చిన్న బృందంలో ఉన్నాను. ఎనస్థీషియా డాక్టరు ఒకరు వారానికోసారి కూర్చుని మా కేసులన్నీ వింటారు. మందుల మార్పులన్నీ ఆయన చేతి మీదుగానే. ఆయన లేకపోతే మా ఫోనులు పరామర్శలుగా మిగిలిపోతాయి. కింద రాసినవన్నీ ఈ పనిలోంచి వచ్చిన మాటలే. మనుషుల వివరాలు మాత్రం గుర్తుపట్టకుండా మార్చాను.

ముందు అమెరికా సంగతి, ఎందుకంటే దాన్ని సగం చదివి ఆశపడేవాళ్ళు ఎక్కువ. అక్కడ మాజీ సైనికుల వైద్యం వెటరన్స్ అఫైర్స్ శాఖ చూస్తుంది, అందరూ వీఏ అంటారు. ఇండియానాపోలిస్‌లోని వీఏ ఆసుపత్రిలో స్కోప్ అనే పరిశోధన చేసి ఫలితాలను 2014లో జామా అనే వైద్య పత్రికలో వేశారు. నడుము, కీళ్ళు, కండరాల నొప్పి మూడు నెలలకు మించి ఉన్న 250 మందిని తీసుకున్నారు. సగం మందికి ఎప్పటి వైద్యమే. మిగతా సగానికి ఒక నర్సు, ఆమె వెనక ఒక నొప్పి వైద్యుడు. నొప్పి ఎలా ఉందో రికార్డు చేసిన ఫోను ప్రశ్నలతోనో, ఇంటర్నెట్‌లోనో అడిగేవారు. మొదటి నెల వారం వారం, తర్వాతి రెండు నెలలు పదిహేను రోజులకోసారి, ఆపైన ఏడాది నిండేదాకా నెలకోసారి. జవాబులు బాగోకపోతే నర్సు ఫోను చేసేది, డాక్టరుతో మాట్లాడి మందు మార్పించేది. ఏడాది తిరిగేసరికి నొప్పి కనీసం 30 శాతం తగ్గినవాళ్ళు నర్సు చూసిన గుంపులో 51.7 శాతం, రెండో గుంపులో 27.1 శాతం.

రెట్టింపుకు దగ్గర, మంచిదే. కానీ నర్సు చూసినవాళ్ళలోనూ దాదాపు సగం మందికి ఆ మాత్రం మేలు జరగలేదని కూడా అదే అంకె చెబుతోంది. మీ నాన్నగారు ఏ సగంలో పడతారో ముందే చెప్పే పరీక్ష ఏదీ లేదు. మూడు నెలలు పద్ధతిగా చేసి చూడటం ఒక్కటే దారి.

2018లో ఇంకో వీఏ పరిశోధన వచ్చింది, మినియాపోలిస్ నుంచి. నడుం నొప్పి, మోకాలి అరుగుదల, తుంటి అరుగుదల ఉన్న 240 మందిలో సగానికి మార్ఫిన్ జాతి మందులు, సగానికి పారాసెటమాల్ నుంచి మొదలయ్యే మామూలు మందులు ఏడాది పాటు ఇచ్చారు. పనులు చేసుకోగలగడంలో తేడా లేదు. నొప్పి తీవ్రత మామూలు మందుల వైపే కాస్త తక్కువ. దుష్ఫలితాలు మార్ఫిన్ జాతి వైపు ఎక్కువ. "ఇంకా గట్టి మందు రాయించండి" అని ఎవరైనా అన్నప్పుడు నేను ఇదే చెబుతాను.

అక్కడికీ ఇక్కడికీ పెద్ద తేడా ఒకటుంది. వీఏలో నర్స్ ప్రాక్టీషనర్లు అనే పై చదువు చదివినవాళ్ళు స్వయంగా మందులు రాయగలరు. మన దగ్గర నర్సుకు ఆ అధికారం లేదు. 2020 మార్చి 25న కేంద్రం తెచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం డాక్టరు వీడియోలో చూసి మందు రాయవచ్చు గానీ, మత్తు మందుల చట్టం కిందికి వచ్చేవి రాయకూడదు. ట్రమడాల్ 2018లో ఆ చట్టం కిందికి వెళ్ళింది. నడుం నొప్పికి మన ఊళ్ళలో మంచినీళ్ళలా వాడిన మాత్ర అది. వీడియోలో చూసి ట్రమడాల్ రాసే డాక్టరు దొరికితే సంతోషించకండి, డాక్టరును మార్చండి. అదే మార్గదర్శకాల్లో, రోగి పక్కన నర్సో ఏఎన్‌ఎమ్మో కూర్చుని దూరాన ఉన్న డాక్టరుతో మాట్లాడించే పద్ధతికి మాత్రం స్పష్టంగా చోటిచ్చారు. మనకు పనికొచ్చే తలుపు అదే.

కాబట్టి తయారుగా ఉన్న ఒక్క పథకం కోసం వెతక్కుండా, ఉన్నవాటిని కూర్చుకోండి. పాలిక్లినిక్‌కి ఒక్కసారి మీరే దగ్గరుండి తీసుకెళ్ళండి, సెలవు పెట్టయినా సరే. పాత ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితాలు, ఇప్పుడు మింగుతున్న మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని పొండి. అట్టలు అన్నాను, పేర్లు రాసిన కాగితం కాదు. ఆ తర్వాత వీడియోలో డాక్టరుతో మాటలకు రక్షణ శాఖ 2021 మే 27న మొదలుపెట్టిన సెహత్ ఓపీడీ ఉంది, మాజీ సైనికులకూ కుటుంబానికీ వర్తిస్తుంది. అది కుదరకపోతే ఊళ్ళో విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) ఉంటారు, నర్సింగ్ చదివినవాళ్ళే. వాళ్ళ దగ్గర కూర్చుని ఈ-సంజీవని అనే ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవలో డాక్టరుతో మాట్లాడవచ్చు. బీపీ చూసేది, బరువు తూచేది, కాలి వాపు నొక్కి చూసేది కూడా వాళ్ళే. ఫోనులో నాకు కనపడనివన్నీ నేను వాళ్ళ కళ్ళతోనే చూస్తాను. మూడోది, క్రమం తప్పకుండా ఫోను చేసే నర్సు. మా లాంటి బృందం దొరికితే సరే. లేకపోతే పాలిక్లినిక్ నర్సునో, ఆ ఎంఎల్‌హెచ్‌పీనో అడగండి. పది నిమిషాల పని, నెలకు రెండుసార్లు. మర్యాదగా అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. అమెరికాలో మోంటానా రాష్ట్రంలో యురేకా అనే చిన్న ఊళ్ళో అయితే మాజీ సైనికుల సంఘం భవనంలోనే ఒక గది కట్టి అక్కడి నుంచి వీడియోలో డాక్టరుతో మాట్లాడే ఏర్పాటు చేశారు. మన మండలాల్లోనూ సంఘాలున్నాయి, గదులున్నాయి. జెండా వందనానికి తప్ప తాళం తీయరు.

ఇప్పుడు అన్నిటికంటే తొందరగా తేల్చాల్సింది: ఆ ఇంజక్షన్లు. మీరు కవిటి అని రాయగానే నాకు భయం వేసింది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం. ఈ ఉద్దానం ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో మీకు నేను చెప్పనక్కర్లేదు. దానికి కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు, నొప్పి మాత్రలవల్లే వచ్చిందని నేననడం లేదు. కానీ కిడ్నీ అప్పటికే బలహీనంగా ఉన్న మనిషికి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి ఎంత చేటో అందరికీ తెలిసిందే. ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టర్లు నడుం నొప్పికి చేసే ఇంజక్షన్‌లో సాధారణంగా డైక్లోఫెనాక్ ఉంటుంది, చాలాసార్లు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కూడా కలుస్తుంది. అందుకే మర్నాటికి మనిషి లేచి తిరుగుతాడు. స్టెరాయిడ్ పనితనం అది. సుగరు పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది, నడుములో అసలు సమస్య అక్కడే ఉంటుంది.

ఇంకో కలయిక చూడండి. బీపీకి టెల్మిసార్టాన్ మాత్ర, అందులోనే నీటి మాత్ర కలిపినది, పేరు చివర హెచ్ అని ఉంటుంది. దాని మీద డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర. ఈ మూడూ కలిస్తే కిడ్నీకి రక్తం అందడం తగ్గిపోతుంది. ఎండలో కొబ్బరితోటలో పనిచేసి, నీళ్ళు తక్కువ తాగిన రోజున మరీ ప్రమాదం. మా దగ్గర నాయక్ ర్యాంకులో రిటైరైన ఒకాయన సరిగ్గా ఈ మూడు కలిపి వాడుతున్నారని ఫోనులో అట్టల మీది పేర్లు చదివించుకుంటుంటే బయటపడింది. బీపీ మాత్ర ఒక ఆసుపత్రిది, నొప్పి మాత్ర మందుల షాపుది. ఒకరు ఇచ్చింది ఇంకొకరికి తెలియదు. రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే అంకె) అప్పటికే పెరిగి ఉంది. నొప్పి మాత్ర ఆపించి, డాక్టరు పారాసెటమాల్‌కు, పై పూత మందుకు మార్చారు. మళ్ళీ పరీక్ష చేయిస్తే అంకె కొంత దిగింది. నొప్పి? మొదటి రెండు వారాలు పెరిగింది. నన్ను బాగా తిట్టారు కూడా.

కాబట్టి ఈ వారంలోనే క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, సుగరు చూపించండి. కాలు పీకుడుకు డాక్టర్లు ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ రాస్తుంటారు. వాటి మోతాదు కూడా కిడ్నీని బట్టే వేయాలి, లేకపోతే తల తిరిగి పడిపోతారు. అమిట్రిప్టిలిన్ రాస్తే ప్రొస్టేట్ ఇబ్బంది ఉందేమో ముందు చెప్పండి, మూత్రం బిగిసిపోవచ్చు. అంకెలు బాగా ఎక్కువుంటే కిడ్నీ డాక్టరు దగ్గరికే పొండి. పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గరే.

ఇక ఫోనులో ఏం జరుగుతుందో చెప్తాను. చూడటానికి ఏమీ జరుగుతున్నట్టుండదు.

మొదటి ఫోనులోనే మూడు ప్రశ్నలు అలవాటు చేస్తాం. పోయిన వారంలో సగటున నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత? అది మీ సంతోషాన్ని ఎంత పాడుచేసింది? మీ పనులకు ఎంత అడ్డుపడింది? ఇది వీఏలో తయారైన కొలతే, పెగ్ అంటారు. మూడింటి సగటు తీసి రాసుకుంటాం. మొదటి అంకె ఏడాదైనా పెద్దగా కదలకపోవచ్చు. రెండోది, మూడోది దిగుతుంటే సరైన దారిలో ఉన్నట్టే. మొదటి అంకె ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంటే అందరికీ నీరసం వస్తుంది.

అయితే ఫౌజీలతో తంటా ఏమిటంటే, అంకె అడిగితే నిజం రాదు. పాతికేళ్ళు "కైసే హో" అంటే "ఠీక్ హై సాబ్" అని జవాబిచ్చిన నోరు. సిక్ రిపోర్ట్ చేస్తే పని తప్పించుకుంటున్నాడంటారని పంటి బిగువున భరించడం అలవాటైంది. అందుకని నేను పనులు అడుగుతాను. పొద్దున్న బూటు లేసు మీరే కట్టుకున్నారా? బావి దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళారు? పెళ్ళిలో బంతిలో కూర్చున్నారా, టేబుల్ దగ్గర తిన్నారా? గుడిలో సాష్టాంగం పెట్టారా, నిలబడే దణ్ణం పెట్టుకున్నారా? ఈ జవాబుల్లో అబద్ధం తక్కువ.

ఇంకా తక్కువ కావాలంటే వాళ్ళావిడతో విడిగా ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఆయనకు ముందే చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే. రాత్రి రెండింటికి లేచి అరుగు మీద కూర్చుంటారనేది, చిన్న మాటకు కంచం విసిరారనేది, క్యాంటీన్ సీసా రెండు రోజుల్లో అయిపోతోందనేది ఆమె చెబితేనే తెలుస్తాయి. రమ్ము సంగతి తప్పకుండా అడగాలి. రమ్ము మీద ప్రీగాబాలిన్‌గానీ, అమిట్రిప్టిలిన్‌గానీ, ట్రమడాల్‌గానీ పడితే మత్తు ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది, నిద్రలో ఊపిరి మందగిస్తుంది, రాత్రి బాత్రూముకి లేచినవాళ్ళు పడిపోతారు. తాగొద్దని ఉపన్యాసం ఇస్తే ఫోను ఎత్తడం మానేస్తారు. "మాత్ర వేసుకున్న రాత్రి గ్లాసు ముట్టొద్దు" అని ఒక్క మాట చెబితే చాలామంది పాటిస్తారు. ఆర్డర్ అంటే వాళ్ళకు అర్థమవుతుంది.

తర్వాతది పనిని పంచుకోవడం. నొప్పి తక్కువున్న రోజు తోటంతా శుభ్రం చేసేస్తారు, తర్వాత మూడు రోజులు మంచం. ఈ చక్రం ప్రతి ఇంట్లోనూ ఒకటే. దీనికి నా దగ్గర ఒకే ఒక్క మాట ఉంది: రూట్ మార్చ్‌లో కాళ్ళు పడిపోయేదాకా నడిచి ఆగేవారా, గడియారం చూసి ఆగేవారా? గడియారం చూసే. గంటకు పది నిమిషాలు హాల్ట్, అలసట ఉన్నా లేకపోయినా. తోట పనికీ అదే లెక్క: ఇరవై నిమిషాలు పని, పది నిమిషాలు కూర్చోవడం, నొప్పి లేకపోయినా సరే. ఫిజియోథెరపిస్టు నాలుగు బొమ్మలు గీసి చెప్పినా వినని సుబేదార్ గారు ఒకరు ఈ మాటకు నవ్వి, మనవడి ఫోనులో అలారం పెట్టించుకున్నారు. నడక కూడా అంతే. కాస్త తగ్గిందని ఒకేసారి రెట్టింపు చేయకుండా వారానికి కొద్దికొద్దిగా పెంచాలి.

ఇంకొక భయం ఉంటుంది, ఎవరూ పైకి చెప్పరు. నొప్పి తగ్గిందని నర్సుతో అంటే అది రాసుకుంటారు, రేపు డిసెబిలిటీ పెన్షన్‌కు ఎసరొస్తుంది అని. నేను మొదటి ఫోనులోనే ఈ సంగతి ఎత్తుతాను. శాశ్వత వైకల్యం అని మెడికల్ బోర్డు ఒకసారి తేల్చిన శాతాన్ని, ఆయన తనంతట తాను రీవ్యూ కోరితే తప్ప మళ్ళీ కదపరు, 2001 నుంచి రక్షణ శాఖ ఉత్తర్వు అదే. నా నోటు పుస్తకం బోర్డుకు పోదు. ఇది తేలాక వచ్చే జవాబులే వేరుగా ఉంటాయి. మీ నాన్నగారిని మీరే ముందు ఈ మాట అడగండి. లేదు, మీ అమ్మగారిచేత అడిగించండి. కొడుకులకు, కూతుళ్ళకు ఈ తరం తండ్రులు నిజం చెప్పరు. నర్సు దొరికేదాకా ఈ ఫోనులు మీరే చేద్దామనుకుంటే అది గుర్తుంచుకోండి. చేయడం మాత్రం మానకండి. ఆదివారం ఉదయం ఒక వేళ పెట్టుకుని, పై మూడు ప్రశ్నలూ అడిగి, డైరీలో రాసి, నెలాఖరున డాక్టరుకు చూపించండి.

మీ నాన్నగారికి సంబంధం లేకపోయినా, ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తుందని కాలు పోయినవాళ్ళ సంగతి కొంచెం రాస్తాను. మందుపాతర మీద కాలు వేసి మోకాలి కింద పోగొట్టుకున్న ఒకాయన, లేని పాదంలో వేళ్ళు మెలితిరిగిపోతున్నట్టు నొప్పి అనేవారు. ఊళ్ళో గాలి సోకిందన్నారు. ముందు తేల్చాల్సింది నొప్పి మిగిలిన మొండి కాలిదా, లేని పాదానిదా అని. మొండి మీద వేలితో తడితే జివ్వుమంటే అక్కడ నరం గడ్డ కట్టి ఉండవచ్చు. చర్మం కందితే కృత్రిమ కాలు సాకెట్ సరిపోక రుద్దుకుంటోంది. అవి డాక్టరువి, లేదా కాలు అమర్చిన చోటువి. మన సైన్యంవాళ్ళకైతే చాలామందికి పుణెలోని ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్. ఆ రెండూ కాకపోతే అద్దం. మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ గారు 1990ల్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో కాలు పోయిన సైనికుల మీద పరీక్షించి 2007లో ప్రచురించారు. రెండు కాళ్ళ మధ్య నిలువుటద్దం పెట్టుకుని, ఉన్న కాలి ప్రతిబింబాన్ని చూస్తూ నెమ్మదిగా పాదం కదపాలి, లేని పాదాన్ని కూడా అలాగే కదుపుతున్నట్టు అనుకోవాలి. రోజుకు పావుగంట. ఇది వీడియోలో నేర్పడానికి చక్కగా కుదిరే పని. బీరువా అద్దం ముందు కూర్చుంటే రాదు, అద్దాల షాపులో మూరెడు వెడల్పు, కాలి పొడవు ముక్క కోయించి అంచులకు టేపు వేయించుకోవాలి. పైన చెప్పిన ఆయనకు మొదటి వారం ఏడుపొచ్చింది, ఆపేద్దామన్నారు. కొందరికి అలా అవుతుంది, అప్పుడు నిమిషాలు తగ్గించాలి. నెల తర్వాత వేళ్ళు "విప్పుకున్నాయి" అన్నారు. నొప్పి పూర్తిగా పోలేదు, వచ్చే తరచుదనం తగ్గింది. అందరికీ పనిచేయదు. పెద్ద ఖర్చు కూడా కాదు కాబట్టి ప్రయత్నించడంలో నష్టం లేదు.

ఫోను పనికిరాని సందర్భాలు. ఇవి వస్తే నర్సుకు ఫోను కాదు, 108కి చేయాలి లేదా బండి మాట్లాడుకుని వెంటనే బయల్దేరాలి: మూత్రం, విరేచనం తెలియకుండా పోవడం లేదా హఠాత్తుగా ఆగిపోవడం, కూర్చునే చోట మొద్దుబారడం, కాలిలో బలం కొత్తగా తగ్గి పాదం ఈడ్చుకుపోవడం. జ్వరంతో కూడిన నడుం నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, ఎప్పుడో క్యాన్సర్ వచ్చి తగ్గిన మనిషికి కొత్త నొప్పి, కింద పడ్డాక మొదలైన నొప్పి కూడా డాక్టరు చేత్తో చూడాల్సినవే. "ఇరవై ఏళ్ళ నుంచి ఉన్నదే కదా" అని ఇంట్లోవాళ్ళు తేలిగ్గా తీసుకునేది ఇలాంటప్పుడే. పాత నొప్పి ఉన్న మనిషికి కొత్త జబ్బు రాకూడదని లేదు.

ఇంకా ఒకటి. బతకడం దండగ అనే మాట వినబడితే దాన్ని నొప్పి మీద విసుగుగా కొట్టిపారేయకండి. ఆ రోజే ఒంటరిగా వదలకుండా చూసుకుని, టెలి మానస్ 14416కి ఫోను చేయండి, తెలుగులో మాట్లాడతారు. నేనైతే మూడు ప్రశ్నల తర్వాత నాలుగో ప్రశ్నగా దీన్ని సూటిగానే అడుగుతాను. అడిగితే ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది జంకుతారు. నా అనుభవంలో ఎవరూ కోప్పడలేదు, ఇద్దరు ముగ్గురు మాత్రం చాలాసేపు మౌనంగా ఉండి తర్వాత మాట్లాడారు.

చిన్న విషయమే గానీ పని చెడగొట్టేది ఇంకొకటి: చెవులు. ఆర్టిలరీలోనో, ట్యాంకుల్లోనో చేసినవాళ్ళకు వినికిడి తగ్గి ఉంటుంది, ఒప్పుకోరు. వినపడని ప్రశ్నకు కూడా "ఆఁ, బాగానే ఉందమ్మా" అనేస్తారు. మీ నాన్నగారు ఏ రెజిమెంటో మీరు రాయలేదు. అనుమానం ఉంటే నర్సుకు ముందే చెప్పండి, వీడియోలో ముఖం కనబడేలా మాట్లాడతారు, లేదా మీ అమ్మగారు పక్కన ఉండి ప్రశ్న మళ్ళీ చెబుతారు. డాబా మీద తప్ప సిగ్నల్ లేకపోతే వీడియో కోసం పాకులాడకండి. మామూలు ఫోను చాలు. నడక చూడాల్సి వస్తే అర నిమిషం వీడియో తీసి వాట్సాప్‌లో పంపమంటాం, ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి.

చివరగా మీరడిగిన సరుకులు. నడుం బెల్టు బస్సు ప్రయాణానికి, బరువు పనికి గంటో రెండు గంటలో పెట్టుకుంటే పర్వాలేదు, పొద్దస్తమానం పెట్టుకుంటే నడుం కండరాలు వాడకం లేక ఇంకా నీరసపడతాయి. కరెంటు మిషను అంటే టెన్స్ అనుకుంటాను, చర్మం మీద అంటించి సన్నని కరెంటు పంపేది. కొందరికి పెట్టుకున్నంతసేపు హాయిగా ఉంటుంది, దీర్ఘకాలపు నడుం నొప్పికి దాని మేలు మీద గట్టి రుజువులు లేవు. గుండెలో పేస్‌మేకర్ ఉంటే ముట్టుకోవద్దు. కొనేముందు ఫిజియోథెరపీ గదిలో రెండు మూడుసార్లు పెట్టించి చూడండి, తేడా తెలిస్తేనే కొనండి. ఆ డబ్బులోంచి ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించండి. రిపోర్టు వచ్చాక అంకె ఇక్కడ రాస్తే, ఏ డాక్టరు దగ్గరికి ముందు వెళ్ళాలో చెప్తాను.